పిల్లల కుల్లాయి క్రోషాతో అల్లడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా ఇంటి వసారాలో సాయంత్రం పూట నలుగురైదుగురం కూర్చుని కొక్కెం సూదితో క్రోషా అల్లుకుంటాం. కార్తీకం దాటి చలి మొదలైందంటే కొత్తగా వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగేది పిల్లల టోపీ గురించే. కొందరు బిడ్డల తల్లులు, కొందరు మనవళ్లకోసం వచ్చే అవ్వలు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మా వైపు టోపీని కుల్లాయి అనడం ఇంకా ఉంది. నార్పల మండలం గూగూడులో వెలసిన కుల్లాయిస్వామి పేరుతో కుల్లాయప్ప, కుల్లాయమ్మ అని పిల్లలకు పేర్లు పెట్టుకునే జిల్లా ఇది. అందుకే నేను టోపీ అనీ కుల్లాయి అనీ రెండూ రాస్తాను.

మన ఊళ్లో ఎండలే ఎక్కువ కదా, ఊలు టోపీ అవసరమా?

ఏడాదిలో ఎక్కువ రోజులు అవసరం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మాత్రం అవసరం. బిడ్డను బండి మీద ముందు కూర్చోబెట్టుకుని ఆరు గంటలకు బస్టాండుకు పోయేవాళ్లకు ఆ సంగతి తెలుసు. మడకశిర, హిందూపురం వైపు నేల ఎత్తు ఎక్కువ కాబట్టి చలి ఇంకాస్త ఎక్కువే. బెంగళూరు ప్రయాణాలకూ, చలికాలంలో తిరుమల కొండకూ ఎట్లాగూ కావాలి. అయితే మన వాతావరణానికి మందపాటి టోపీ వద్దు. తొమ్మిది గంటలకల్లా ఎండ చురుక్కుమంటుంది, తలకు చెమట పడితే బిడ్డ విసిరి పారేస్తుంది. పలుచగా, మెత్తగా, చెవులు మూసేంత ఉంటే చాలు.

ఏ ఊలు కొనాలి?

అంగట్లో ఊలు అని అడిగితే ఇచ్చేది ఎక్కువగా యాక్రిలిక్. నిజమైన గొర్రె ఊలు మన దగ్గర తక్కువగా దొరుకుతుంది, కొందరు పిల్లల చర్మానికి అది గుచ్చుకుంటుంది కూడా. మెత్తటి బేబీ యాక్రిలిక్, 4 ప్లై అని లేబుల్ మీద ఉన్నది తీసుకోండి. వర్ధమాన్, ఓస్వాల్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. కొనేముందు ఉండను మెడకు, చెవి వెనకకు ఆనించి చూసుకోండి. చేతికి మెత్తగా అనిపించినది అక్కడ గరగరమనవచ్చు. మీకు దురద పెట్టింది బిడ్డకు పెట్టకుండా ఉండదు.

కాటన్ దారం కూడా బాగుంటుంది, చెమట పీలుస్తుంది. కానీ సాగదు. కాటన్‌తో అల్లితే కొలత ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మొదటి టోపీకి నేను యాక్రిలికే చెబుతాను, కొంచెం తప్పు జరిగినా సాగి సర్దుకుంటుంది. యాక్రిలిక్‌తో ఒక జాగ్రత్త ఉంది: నిప్పు తగిలితే కరిగి అంటుకుంటుంది. చలిమంట దగ్గరికి, పొయ్యి దగ్గరికి బిడ్డను ఆ టోపీతో తీసుకుపోవద్దు.

చిన్నపిల్లల టోపీకి 50 నుంచి 60 గ్రాములు పడుతుంది. లేబుల్ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు ఉంటుంది. రెండు ఉండలు కొంటే రెండింటి మీదా ఒకే లాట్ ఉండేట్టు చూసుకోండి. లేకపోతే ఒకే ఎరుపు అనుకున్నవి టోపీ మధ్యలో రెండు ఎరుపులుగా కనిపిస్తాయి.

సూది ఎన్నో నంబరు?

4 మిల్లీమీటర్ల క్రోషా సూది. వీలైతే 3.5, 4.5 కూడా తెచ్చుకోండి, ఎందుకో కింద చెబుతాను. నంబర్లు కంపెనీకో రకంగా ఉంటాయి, మిల్లీమీటర్లనే నమ్మండి. వీటితో పాటు టేపు, కత్తెర, పెద్ద కన్నున్న మొండి మొన ఊలు సూది కావాలి. దబ్బనం వాడొద్దు, దాని మొన దారపు పోగులను చీలుస్తుంది. మా ఊరి టవర్ క్లాక్ చుట్టుపక్కల కుట్టు సామాన్లు, ఫ్యాన్సీ సామాన్లు అమ్మే అంగళ్లలో అడిగి చూడండి. ఒకచోట సూది, ఇంకోచోట ఊలు దొరకడం మామూలే.

మా పాపకు రెండేళ్లు. ఎన్ని కుట్లు వేయాలి?

ఈ ప్రశ్నకు నేను తిరిగి అడిగేది ఒక్కటే: పాప తల చుట్టుకొలత ఎంత?

నేను మొదటిసారి మా చెల్లెలి కొడుక్కి అల్లినప్పుడు ఒక వీడియోలో చెప్పిన లెక్కనే పాటించాను. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు అని చెప్పారు, వాడికీ ఏడాదిన్నరే. మూడు సాయంత్రాలు కూర్చుని అల్లి తలకు పెడితే కళ్ల మీదికి జారింది. వాడు రెండు చేతులతో పైకి తోసుకుంటూనే ఉన్నాడు. చాలా బాధేసింది. తర్వాత అర్థమైంది, వీడియోలో ఆమె వాడిన ఊలు సన్నం, ఆమె చెయ్యి బిగుతు. నా ఊలు లావు, నా చెయ్యి వదులు. కుట్ల లెక్క ఒకటే అయినా టోపీలు రెండూ ఒకటి కాలేదు. అప్పటినుంచి నేను ఎవరికీ వయసు చూసి కుట్లు చెప్పను.

టేపును కనుబొమల పైనుంచి, చెవుల కాస్త పైనుంచి, వెనక తల బాగా ఉబ్బిన చోటునుంచి తిప్పి కొలవండి. బిడ్డ కదిలిపోతుంటే నిద్రపోయాక ఒక దారంతో చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టుకోండి. మామూలుగా ఏడాది బిడ్డకు 45, 46 సెంటీమీటర్లు, రెండేళ్లకు 47, 48, నాలుగైదేళ్లకు 50, 51 ఉంటుంది. కానీ మీ బిడ్డ తలే మీకు లెక్క.

అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ తలకంటే 3 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. 48 తలకు 45 టోపీ. ఆ 45ను 3.14తో భాగిస్తే 14.3 వస్తుంది. టోపీ పైభాగం, అంటే నడినెత్తి మీద కూర్చునే గుండ్రటి బిళ్ల, అంత వెడల్పు రావాలి. ఈ ఒక్క సంఖ్యను కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. కుట్లు ఎన్ని అయినా సరే, బిళ్ల 14.3 సెంటీమీటర్లకు వచ్చినప్పుడు పెంచడం ఆపాలి. మీ చెయ్యి వదులైనా, బిగుతైనా, ఊలు ఏదైనా ఈ లెక్క తప్పదు.

వీడియోలో డబుల్ క్రోషా అంటారు, ఇంకో దాంట్లో అదే పేరుతో పొట్టి కుట్టు వేస్తారు. ఏది నిజం?

రెండూ నిజమే. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషా అనేదాన్ని బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషా అంటారు. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్ అవుతుంది. చాలామందికి టోపీ పొట్టిగా, గట్టిగా రావడానికి ఇదే కారణం. వీడియో మొదట్లో ఎవరి పద్ధతో చెబుతారు, దాటేయకుండా వినండి.

నేను ఇక్కడ అమెరికా పేర్లే వాడుతున్నాను. సింగిల్ అంటే సూదిని కుట్టులోకి గుచ్చి, దారం లాగి, సూది మీద రెండు లూపులు ఉన్నప్పుడు మళ్లీ దారం చుట్టి రెండింటిలోంచి ఒకేసారి లాగేయడం. డబుల్ అంటే ముందే సూదికి దారం ఒక చుట్టు చుట్టి, గుచ్చి, దారం లాగితే మూడు లూపులు వస్తాయి. మళ్లీ దారం చుట్టి రెండింటిలోంచి లాగాలి, ఇంకోసారి చుట్టి మిగిలిన రెండింటిలోంచి లాగాలి. ఈ టోపీ దాదాపు అంతా డబుల్ కుట్టే.

సరే, మొదలుపెట్టి చివరిదాకా ఎట్లా అల్లాలి?

48 సెంటీమీటర్ల తలకు, 4 ప్లై ఊలు, 4 మిల్లీమీటర్ల సూదితో నా చేతికి వచ్చే లెక్క చెబుతాను.

మ్యాజిక్ రింగ్‌తో మొదలుపెట్టండి. వేలికి దారం చుట్టి ఆ గుండ్రంలో కుట్లు వేసి, చివర తోక లాగితే మధ్య రంధ్రం మూసుకుంటుంది. అది రాకపోతే దిగులు పడొద్దు. నాలుగు చైన్లు (సూది మీది లూపులోంచి దారం లాగితే ఒక చైన్) వేసి, మొదటి చైన్‌కు స్లిప్ స్టిచ్‌తో (సూది గుచ్చి, దారాన్ని అందులోంచి, సూది మీది లూపులోంచి ఒకేసారి లాగడం) కలిపి రింగు చేసుకోండి. నడినెత్తిన చిన్న రంధ్రం మిగులుతుంది, చివర్లో ఊలు సూదితో మూసేయవచ్చు.

రింగులో రెండు చైన్లు పైకి వేసి 12 డబుల్ కుట్లు వేయండి. ఆ రెండు చైన్లను నేను కుట్టుగా లెక్కపెట్టను. మొదటి డబుల్ కుట్టు తలకు స్లిప్ స్టిచ్ వేసి కలపండి. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 24 అవుతాయి. మూడో వరసలో ఒకదాంట్లో ఒకటి, తర్వాతదాంట్లో రెండు, అట్లా చుట్టూ వేస్తే 36.

ఇక్కడ ఆగండి. బిళ్లను నేలమీద పరచి వెడల్పు కొలవండి. 7 సెంటీమీటర్ల దగ్గర ఉంటే మీ చెయ్యి నా చెయ్యిలాగే ఉన్నట్టు. 6 వస్తే 4.5 సూదితో, 8 వస్తే 3.5 సూదితో మళ్లీ మొదలుపెట్టండి. మూడు వరసలు విప్పడానికి రెండు నిమిషాలు. టోపీ మొత్తం అయ్యాక విప్పాల్సి వస్తే ఏడుపొస్తుంది.

నాలుగో వరసలో రెండు ఒంటి కుట్లు, తర్వాత ఒక జంట (ఒకే కుట్టులో రెండు), అట్లా చుట్టూ: 48. అయిదో వరసలో మూడు ఒంటివి, ఒక జంట: 60. ఆరో వరసలో నాలుగు ఒంటివి, ఒక జంట: 72. ఇప్పుడు బిళ్ల 14 సెంటీమీటర్లు దాటి ఉండాలి. కాగితం మీద రాసుకున్న సంఖ్యతో సరిచూడండి. అయిదు వరసలకే ఆ వెడల్పు వచ్చేస్తే ఆరోది వేయొద్దు. ఆరు వేసినా ఒక సెంటీమీటరు తక్కువైతే ఇంకో వరస తిరిగి, అందులో నాలుగైదు చోట్ల మాత్రం దూరం దూరంగా జంట కుట్లు వేయండి.

వెడల్పు వచ్చాక జంటలు ఆపేయాలి. ఇకనుంచి ప్రతి కుట్టులో ఒక్కటే, 72 మీద 72. రెండు వరసలు తిరిగేసరికి బిళ్ల తనంతట తానే కిందికి వంగుతుంది. అట్లా 9 వరసలు వేస్తే నడినెత్తి నుంచి అంచుదాకా 18 సెంటీమీటర్లకు వస్తుంది. చివర్న 3.5 సూదికి మారి రెండు వరసలు సింగిల్ కుట్లు వేయండి. అంచు గట్టిగా నిలుస్తుంది, ముడుచుకుపోదు.

మొదటిసారి అల్లేవాళ్లకు మూడు నాలుగు సాయంత్రాలు పడుతుంది.

నా బిళ్ల గిన్నెలాగా పైకి లేస్తోంది. ఇంకోసారి అల్లితే అంచు అలలు అలలుగా వచ్చింది. ఎందుకు?

బిళ్ల ఓళిగలాగా పెనం మీద పరుచుకుని ఉండాలి. గిన్నె అయిందంటే జంటలు తక్కువ పడ్డాయి, లేదా దారం మరీ బిగించి లాగుతున్నారు. అలలు వచ్చాయంటే జంటలు ఎక్కువ పడ్డాయి.

దీనికి మందు లెక్కపెట్టడమే. 12, 24, 36, 48, 60, 72 అని నోటికి వచ్చేయాలి. వరస కలిపిన ప్రతిసారీ లెక్కపెట్టండి. కొత్తవాళ్లకు ఎక్కువగా జరిగేది ఇది: వరస చివర స్లిప్ స్టిచ్ వేసిన చోటు కూడా ఒక కుట్టులాగే కనిపిస్తుంది, అందులోనూ ఒకటి వేసేస్తారు. వరసకొకటి పెరుగుతూ పోయి తొమ్మిది వరసలకు టోపీ అంచు గంటలాగా విచ్చుకుంటుంది. ఇంకొందరు మొదటి కుట్టునే వదిలేస్తారు, అంచు బిగుసుకుపోతుంది. ప్రతి వరసలో మొదటి డబుల్ కుట్టుకు వేరే రంగు దారం ముక్క కట్టుకోండి. చివరికి వచ్చినప్పుడు ఎక్కడ కలపాలో అది చూపిస్తుంది. కొందరు పిన్నీసు పెడతారు. పెడితే అల్లిక పూర్తయ్యాక తీశారో లేదో రెండుసార్లు చూడండి.

ఏడాది బిడ్డకు, నాలుగేళ్ల పిల్లాడికి ఎట్లా మార్చాలి?

లెక్క అదే, సంఖ్య వేరు. 46 తలకు టోపీ 43, బిళ్ల 13.7. నా చేతికైతే అయిదో వరసలో 60 అయ్యాక, ఆరో వరసలో 12 జంటలకు బదులు 8 వేస్తే 68 అవుతుంది, సరిపోతుంది. ఎత్తు 17. నాలుగైదేళ్ల పిల్లాడికి 51 తల అయితే టోపీ 48, బిళ్ల 15.3. ఆరు వరసలు అయ్యాక ఏడో వరసలో 4 జంటలు వేస్తే 76. ఎత్తు 20 సెంటీమీటర్లు కావాలి.

చెవులు బాగా మూయాలంటే ఇంకో రెండు వరసలు వేసి అంచును పైకి మడవండి. చలి ఉన్నప్పుడు కిందికి దించుకోవచ్చు.

తాళ్లు, గుండీలు, పైన ఊలు బంతి పెట్టొచ్చా?

గడ్డం కింద కట్టే తాళ్లు నేను పెట్టను, ఎవరినీ పెట్టనివ్వను. తాడు ఊయల కొక్కేనికో, మంచం కోడుకో తగులుకుంటే మెడకు బిగుసుకుంటుంది. కొలత సరిగ్గా ఉంటే టోపీ తాడు లేకుండానే నిలుస్తుంది. గుండీలు, పూసలు మూడేళ్ల లోపు పిల్లలకు వద్దు. ఊడితే మొట్టమొదట పోయేది నోట్లోకే. పూవు కావాలంటే అదే ఊలుతో అల్లి చుట్టూ కుట్టేయండి. ఊలు బంతి పెద్ద పిల్లలకు సరే. చిన్నబిడ్డ దాన్ని పీకి పోగులు నోట్లో పెట్టుకుంటుంది.

నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయాలి. ఇది పెద్దవాళ్లతో వాదన వచ్చే విషయం, నాకు తెలుసు. పసిబిడ్డ ఒంటి వేడి తలనుంచి చాలా పోతుంది. ఇంట్లో పడుకున్నప్పుడు టోపీ ఉంటే ఒళ్లు మరీ వేడెక్కుతుంది, జారి ముఖం మీద పడితే ఊపిరికి అడ్డం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి వేరు, వాళ్లకు డాక్టరు చెప్పినట్టే చేయండి. బయటికి పోయినప్పుడు కూడా మధ్యమధ్యలో మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే టోపీ తీయాల్సిందే. నుదుటి మీద ఎర్రగా గీత పడితే అంచు బిగుతైనట్టు. ఆ రెండు సింగిల్ వరసలు విప్పి 4 సూదితోనే మళ్లీ వేయండి.

నరసాపురం లేసు, ఇదీ ఒకటేనా?

పని ఒకటే. అక్కడి ఆడవాళ్లు సన్నటి కాటన్ దారంతో, చాలా సన్నటి సూదితో అల్లుతారు. మనం లావు ఊలుతో అల్లుతున్నాం. నరసాపురం క్రోషా లేసుకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. రెండు పుల్లలతో స్వెట్టర్లు అల్లేది మాత్రం వేరే విద్య. అందులో వరసలోని లూపులన్నీ పుల్ల మీదే ఉంటాయి, ఒకటి జారితే కిందిదాకా పోతుంది. క్రోషాలో ఒక కుట్టు పూర్తయ్యాక ఒక్క లూపే సూది మీద ఉంటుంది. పాలు పొంగుతున్నాయని లేచి పోయినా ఆ ఒక్క లూపుకు దారం ముక్క కట్టేస్తే పని ఎక్కడికీ పోదు. పసిబిడ్డల తల్లులకు క్రోషానే నేర్పిస్తాను, కారణం ఇదే.

ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిన పట్టు దారం వాడొచ్చా?

టోపీ మొత్తానికి వద్దు. చాలా సన్నం, జారుతుంది, ఎన్నో పోగులు కలిపితే తప్ప కుట్టు నిలవదు. పెద్ద పిల్లల టోపీ మీద పూవుకు బాగుంటుంది. జరీ మాత్రం ఎక్కడా వద్దు, గీరుకుంటుంది.

చారలు రావాలంటే రంగు ఎప్పుడు మార్చాలి?

వరసలో చివరి డబుల్ కుట్టు వేస్తున్నప్పుడు, ఆఖరి రెండు లూపులు మిగిలినప్పుడు కొత్త రంగుతో లాగండి. కుట్టు అయిపోయాక మారిస్తే తర్వాతి వరస మొదట్లో పాత రంగు చుక్క కనిపిస్తుంది.

నాది ఎడమచెయ్యి వాటం. నేర్చుకోగలనా?

తప్పకుండా. మీ అల్లిక ఇంకో వైపుకు తిరుగుతుంది, అంతే. లెక్కలు ఏవీ మారవు. నేర్పేవాళ్ల పక్కన కాకుండా ఎదురుగా కూర్చోండి, అద్దంలో చూసినట్టు ఉంటుంది.

దారం చివరలు బయటికి వస్తున్నాయి. ఉతికితే టోపీ సాగిపోయింది.

చివర దారాన్ని కనీసం 15 సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి. ఊలు సూదికి ఎక్కించి, లోపలివైపు కుట్ల మధ్యగా అయిదారు సెంటీమీటర్లు ఒకవైపు పోనిచ్చి, వెనక్కి తిప్పి మళ్లీ కొంత పోనివ్వండి. ముడి వేసి వదిలేస్తే ఆ ముడి బిడ్డ తలకు గుచ్చుకుంటుంది.

తలకు పెట్టే ముందు ఒకసారి ఉతకాలి. అంగట్లో దుమ్ము, మన చేతుల చెమట అన్నీ అందులోనే ఉంటాయి. చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ కలిపి పది నిమిషాలు నానబెట్టి, పిండకుండా టవల్లో చుట్టి అదమండి. తీగ మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకు సాగుతుంది. నీడలో చాప మీద పరచి ఆరబెట్టండి. యాక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టొద్దు. ఒక్కసారి వేడి తగిలితే బిగువు పోయి జావలాగా వేలాడుతుంది, మళ్లీ రాదు.

పోయిన ఏడాది అల్లింది ఈ ఏడాది చిన్నదైంది. పారేయాలా?

వద్దు. పైనుంచి కిందికి అల్లిన టోపీకి ఉన్న సుఖం ఇదే. ఎత్తు మాత్రమే చాలకపోతే అంచులోని రెండు సింగిల్ వరసలు విప్పి, డబుల్ వరసలు ఒకటో రెండో చేర్చి, మళ్లీ అంచు వేస్తే సరిపోతుంది. చుట్టుకొలతే చాలకపోతే నిటారు వరసలన్నీ విప్పి బిళ్ల దాకా రండి. ఇంకో వరసలో జంటలు చేర్చి, వెడల్పు కొలిచి, మళ్లీ కిందికి దిగండి. విప్పిన దారం ముడతలు పడి ఉంటుంది. కుర్చీ వీపుకు చుట్టి, రెండుచోట్ల వదులుగా కట్టి, తడిపి ఆరబెడితే సాఫీ అవుతుంది.

అందుకే టోపీ అయ్యాక మిగిలిన ఊలు పారేయొద్దు. లేబుల్‌తో సహా ఒక కవరులో పెట్టి, చీటీ మీద సూది మిల్లీమీటర్లు, బిళ్ల వెడల్పు, కుట్ల లెక్క, ఆరోజు బిడ్డ తల కొలత, తేదీ రాసి అందులో వేయండి. మా బీరువాలో అట్లాంటి కవర్లు పదకొండు ఉన్నాయి. మా చెల్లెలి కొడుకుదే మూడుసార్లు తీయాల్సి వచ్చింది.